దట్టించిన చేతిదే పూచీ

రంప పితూరీ నుంచి పందుల కాపలా దాకా ఖమ్మం–భద్రాచలం అడవి అంచున చేత్తో మందు దట్టించే తుపాకికి సుదీర్ఘ చరిత్ర ఉంది. అయితే దట్టించిన తూటాను ముందుగా పలక మీద పరీక్షించే అలవాటు మాత్రం మన్యానికి చేరలేదు. ఆ లోటుకు అడవీ, రైతూ ఇద్దరూ మూల్యం చెల్లిస్తున్నారు.

నాటు తుపాకి పేలడానికి ముందు చాలా పని ఉంటుంది. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని మూతిలోంచి నల్లమందు పోస్తారు. దాని మీద పీచో గుడ్డపీలికో పెట్టి పొడవాటి కడ్డీతో దట్టిస్తారు. తర్వాత సీసపు గుళ్లు వేసి, అవి జారిపడకుండా మళ్లీ కాస్త పీచు కూరుతారు. చివరికి వెనకవైపు మొన మీద చిన్న రాగి టోపీ తొడుగుతారు. సుత్తి ఆ టోపీని కొడితే నిప్పు లోపలికి దూకి మందు అంటుకుంటుంది. గుళ్లు ఎంత దూరం పోతాయి, ఎటు పోతాయి, అసలు పేలుతుందా లేదా అన్నదంతా ఆ కాసేపటి చేతిపని మీదే ఆధారపడి ఉంటుంది. మందు ఎక్కువైతే గొట్టం చీలుతుంది. తక్కువైతే గుళ్లు జంతువును గాయపరిచి వదిలేస్తాయి. చెమ్మ తగిలితే టిక్కుమని ఊరుకుంటుంది.

పోలీసు పంచనామాల్లో, పత్రికల్లో భర్మార్ తుపాకిగా కనిపించేది ఇదే. దుమ్ముగూడెం, చర్ల, గుండాల, అశ్వాపురం నుంచి కూనవరం, చింతూరు దాకా ఈ తుపాకిని ఎరగని తరం లేదు. ఫ్యాక్టరీ తూటా తుస్సుమంటే తయారుచేసిన వాళ్లను నిలదీయవచ్చు. ఇక్కడ తూటా తయారుచేసినవాడూ, పేల్చినవాడూ ఒక్కడే. పూచీ అంతా అతనిదే.

తమ తూటాలు తామే నింపుకునే వేటగాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. అమెరికాలో, ఐరోపాలో దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. అది చట్టం అనుమతించే అభిరుచి. దానికో కట్టుబాటు ఉంది. కొత్తగా నింపిన తూటా ముందు షూటింగ్ రేంజికి వెళ్తుంది, అక్కడ నెగ్గితేనే అడవికి వెళ్తుంది. మనకు రేంజి అనగానే గుర్తొచ్చేది పోలీసులదో క్రీడాకారులదో. చేను కాసుకునే రైతుకు అందులో చోటుంటుందన్న ఊహ కూడా ఎవరికీ రాదు. పని సగంలో ఆగిపోయింది అక్కడే.

పితూరీల గడ్డ మీద తూటాల లెక్క

భారతీయులు ఆయుధం ఉంచుకోవాలంటే లైసెన్సు తప్పనిసరి చేస్తూ 1878లో బ్రిటిష్ సర్కారు ఆయుధ చట్టం తెచ్చింది. మరుసటి ఏడు మార్చిలోనే రంప లేచింది. కల్లు మీద వేసిన చిగురు పన్ను, ఆ సీమను ఏలే మన్సబ్‌దారు దోపిడీ, పోలీసుల జులుం భరించలేక కొండ గ్రామాల పెద్దలైన ముఠాదారులు తిరగబడ్డారు. జూలై నాటికి ఆ మంట భద్రాచలం వైపు రేకపల్లి సీమకు పాకింది. ఇప్పటి వర రామచంద్రాపురం మండలంలోని ఆ ప్రాంతాన్ని 1874లోనే సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి విడదీసి మద్రాసు ఏలుబడిలోకి తెచ్చారు. అంబుల్ రెడ్డి నాయకత్వంలో అక్కడి వడ్డిగూడెం పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. పితూరీదారుల దగ్గరున్నవి వత్తి అంటించి పేల్చే పాత తుపాకులు, విల్లంబులు. మందు వాళ్లే నూరుకోవాలి, గుండు వాళ్లే పోతపోసుకోవాలి.

నలభై మూడేళ్ల తర్వాత అల్లూరి సీతారామరాజు ఈ బలహీనతను సూటిగా గుర్తించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరుసగా పడి ఆయుధాలు పట్టుకుపోయాడు. మూడు దాడుల్లో దొరికినవి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు. పంచుకుంటే ఒక్కో తుపాకికి వచ్చేది సుమారు వంద. ఆ తూటాలతోనే దళం పోరాటానికి దిగింది. అదే ఏడు సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు నేలకొరిగారు. 1924 మే 7న రాజు అస్తమించేదాకా సాగిన ఆ పోరులో ప్రతి తూటా లెక్క పెట్టుకుని వాడవలసిందే. వెనక నుంచి నింపి పంపే కర్మాగారం లేదు.

తూటా విలువ ఏమిటో పాలకులకు ఇంకా బాగా తెలుసు. 1907లో భారతదేశంలోకి .450 బోరు రైఫిళ్ల దిగుమతిని ఆపేశారు. సైన్యం నుంచి చేతులు మారిన మార్టినీ హెన్రీ తుపాకులు తిరుగుబాటుదారుల దగ్గర ఉన్నాయి, ఆ కొలత తూటాలు వాళ్లకు చేరతాయన్నది పాలకుల భయం. దాంతో ఇంగ్లండు తుపాకి కంపెనీలు ఇక్కడి పెద్ద వేటగాళ్ల కోసం .465, .470 వంటి కొత్త కొలతలు పుట్టించాయి. అప్పట్లో సైన్యం వాడిన .303 తూటా కూడా పౌరులకు నిషిద్ధమే. దానికి బదులుగా వచ్చినదే .315. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు మీద మన పల్లెల్లో ఈనాటికీ వినిపించే లైసెన్సు రైఫిల్ అదే. సైనికుడి తూటా రైతు తుపాకిలో పట్టకూడదన్న వందేళ్ల నాటి జాగ్రత్త నేటి తుపాకి గొట్టం కొలతలో అలాగే ఉండిపోయింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత తెలంగాణ సాయుధ పోరాట దళాలు గోదావరి తీరపు అడవులకు మళ్లాయి. పాల్వంచ, ఇల్లందు అడవుల్లో కోయ గూడేలు వాళ్లకు అన్నం పెట్టాయి. అప్పుడూ భర్మార్లే దిక్కు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇదే అడవిలో నక్సలైటు ఉద్యమం నడిచింది. దాంతో అడవిబిడ్డ చేతిలో తుపాకి కనబడితే చాలు, అది పంట కాపలాకా, పోరాటానికా అన్న అనుమానం స్థిరపడింది. పంట కోసం తుపాకి పట్టినవాడు కూడా దాన్ని దాచుకోక తప్పలేదు. దాచిన తుపాకిని ఎవరూ పరీక్షించరు, ఎవరూ బాగుచేయరు.

పండుగ వేట, పంట వేట

కోయలకు భూమి పండుగ ఏడాది తొలి పండుగ. తొలకరికి ముందు విత్తనాలను పూజించి, మగవాళ్లు గుంపుగా వేటకు బయలుదేరేవారు. వేట దొరికితే పంట పండుతుందని నమ్మకం. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వాళ్లను ఆడవాళ్లు ఆటపట్టించేవారు. ఆ రోజుల్లో దారికి అడ్డంగా తాడు పట్టుకుని చందా అడిగే కోయ మహిళలు చింతూరు, కూనవరం దారుల్లో ప్రయాణించినవాళ్లకు తెలుసు. గోదావరి గట్ల మీది కొండరెడ్ల జీవితాన్ని దగ్గరగా చూసి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో పుస్తకం ప్రచురించాడు. పోడు, సేకరణ, వేట మూడూ కలిస్తేనే అప్పట్లో కొండమీద కడుపు నిండేది.

1959 నాటి ఆయుధ చట్టం ఈ అవసరాన్ని గుర్తించింది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని 13వ సెక్షన్‌లో రాశారు. పదమూడేళ్లకు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతే పోయింది. పండుగ వేటకూ మినహాయింపు లేదు. 1977లో ప్రకటించిన కిన్నెరసాని అభయారణ్యం పాల్వంచ పక్కనే ఉంది. దాని విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. నదికి దిగువన పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనంగా మారాయి.

ఈ చట్టాలు కావలసినవే. అడవిదున్న, దుప్పి, కొండగొర్రె మిగిలాయంటే వాటి పుణ్యమే. కానీ ఒక చట్టం రైతు చేతికి తుపాకి ఇచ్చింది, ఇంకో చట్టం దాని ముందున్న జంతువుకు రక్షణ ఇచ్చింది. రెంటినీ కలిపి, ఎప్పుడు పేల్చవచ్చో, ఎలా పేల్చాలో, దేనితో పేల్చాలో చేను గట్టు మీదికి వచ్చి చెప్పిన వాళ్లు లేరు.

పలక అబద్ధం చెప్పదు

చేత్తో నింపిన తూటాను పరీక్షించే పని చాలా నిదానమైనది. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచుల మధ్య కదలకుండా ఆనిస్తారు. 100 గజాల దూరంలో పలక, దాని వెనక ఎత్తైన మట్టికట్ట. ఒకే కొలతతో నింపిన 5 తూటాలను, గొట్టం చల్లారనిస్తూ, ఒక్కొక్కటిగా పేలుస్తారు. తర్వాత పలక దగ్గరికి నడిచి వెళ్లి, అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం కొలుస్తారు. అంగుళం, అంగుళంన్నర లోపు ఉంటే వేటకు అది చక్కటి తూటా. రంధ్రాలన్నీ ఒకచోట చేరి గురికి పక్కన పడితే బెంగ లేదు, గురి మరలు తిప్పి సరిచేయవచ్చు. చెల్లాచెదురుగా పడితే మాత్రం ఏ మర తిప్పినా లాభం లేదు. లోపం తూటాలోనో గొట్టంలోనో ఉందన్నమాట.

కారణం వెతికితే చాలాసార్లు మందు తూకం దగ్గరే దొరుకుతుంది. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రాముకు 15 గ్రెయిన్ల పైచిలుకు. గ్రెయిన్‌లో పదోవంతు తేడా కూడా పట్టే త్రాసు వాడతారు. ఇది కూరలో ఉప్పులా చేతి అంచనాతో వేసేది కాదు. మందు కంపెనీ అచ్చువేసిన పట్టికలో చెప్పిన దానికంటే తక్కువతో మొదలుపెట్టి, ప్రతి మెట్టులోనూ పేల్చి చూసి, ఖాళీ ఇత్తడి తొడుగును చేతిలోకి తీసుకుని పరిశీలిస్తారు. అడుగున టోపీ అతిగా చదునైనా, రైఫిల్ బోల్టు తెరవడానికి బిగుసుకున్నా లోపల ఒత్తిడి హద్దు దాటుతోందని అర్థం. అక్కడితో ఆపేస్తారు. గొట్టం ముందు పెట్టిన క్రోనోగ్రాఫ్ అనే పరికరం ప్రతి తూటా వేగాన్ని చూపిస్తుంది. వేగాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే నింపిన చేతిలో నిలకడ ఉన్నట్టు.

తోటా తుపాకికి, అంటే 12 బోరుకు, పరీక్ష వేరు. 40 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి పేల్చి, గుళ్లు ఎక్కువగా పడ్డచోట 30 అంగుళాల వృత్తం గీసి లోపల ఎన్ని పడ్డాయో లెక్కపెడతారు. గొట్టం మూతి బాగా బిగుతుగా ఉన్న ఫుల్ చోక్ తుపాకి అయితే దాదాపు 70 శాతం గుళ్లు అందులో పడాలి. సమంగా ఉన్న గొట్టమైతే 40 శాతం. దీన్నిబట్టి ఎంత దూరం దాకా కాల్చవచ్చో, ఏ దూరం దాటితే జంతువును గాయపరచడమే అవుతుందో ముందే తేలిపోతుంది.

ఇదే కొలబద్ద నాటు తుపాకి పక్కన పెట్టి చూడండి. మందు కంటి అంచనా. కడ్డీతో దట్టించే బలం ఒకసారికీ ఇంకోసారికీ మారుతుంది. నల్లమందు చెమ్మ పీల్చుకుంటుంది, వానాకాలం మన్యంలో చెమ్మకు కొదవ లేదు. పేలిన ప్రతిసారీ గొట్టంలో మసి గడ్డకడుతుంది. రైఫిల్ గొట్టంలో ఉండే మరచుట్లు గుండును గిరగిరా తిప్పి సూటిగా పంపుతాయి. నాటు గొట్టం నున్నగా ఉంటుంది కాబట్టి గుండు తనకు తోచినట్టు పోతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం గొట్టానిదే. కర్మాగారంలో తయారైన తుపాకిని మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో పేల్చి చూసి, తట్టుకుంటేనే ప్రూఫ్ ముద్ర వేస్తారు. ఏదో పైపుతో చేసిన నాటు తుపాకికి ఆ పరీక్ష ఎవరూ పెట్టరు. దాని మొదటి పరీక్షే దాన్ని పట్టుకున్న మనిషి ముఖం ముందు జరుగుతుంది. వేళ్లు పోయినా, కన్ను పోయినా కేసు భయంతో ఆస్పత్రికి చెప్పే కారణం వేరేగా ఉంటుంది.

రాజధానిలో ఉన్న క్రమశిక్షణ

ఈ క్రమశిక్షణ మన రాష్ట్రానికి తెలియనిదేమీ కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవాడే. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇషా సింగ్ నాలుగు పతకాలు గెలిచింది, వాటిలో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం ఒకటి. అదే క్రీడల్లో కైనాన్ చెనాయ్ ట్రాప్ జట్టు స్వర్ణంలో భాగస్వామి. గచ్చిబౌలి రేంజిలో పిల్లలు తుపాకి ఎత్తడం నేర్చుకునే ముందు, ఎప్పుడు ఎత్తకూడదో నేర్చుకుంటారు.

ఆ స్థాయి క్రీడాకారులు .22 తూటాలను సొంతంగా నింపుకోరు. అయినా పరీక్ష తప్పదు. ఒకే కంపెనీ, ఒకే రకం తూటా అయినా ఒక్కో బ్యాచి ఒక్కో గొట్టానికి ఒక్కోలా నప్పుతుంది. అందుకే తుపాకిని బిగించి, బ్యాచి తర్వాత బ్యాచి పేల్చి చూసి, తమ గొట్టానికి నప్పినదాన్నే పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు. కాగితం మీద పదో వంతు పాయింటు కోసం ఇంత పరీక్ష. ప్రాణమున్న జంతువు మీద, చుట్టూ మనుషులున్న చేలో పేల్చే తూటాకు అందులో పావు వంతు కూడా అక్కర్లేదనుకోవడం ఏ లెక్కన న్యాయం?

గట్టు మీద కరెంటు

తుపాకి తగ్గినచోట పందులు తగ్గలేదు. మొక్కజొన్న కంకి పాలుపోసుకునే వేళకు అడవి పందులు మందగా దిగుతాయి. ఒక రాత్రిలో తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. మంచె మీద కాపలా, డబ్బాల మోత, చేను చుట్టూ పాత చీరల కంచె, అన్నీ కొన్నాళ్లే పనిచేస్తాయి. అప్పు తెచ్చి విత్తిన రైతు చివరికి చేసే పని భయంకరమైనది. దగ్గర్లోని స్తంభం నుంచి కరెంటు లాగి, చేను చుట్టూ జానెడు ఎత్తున బైండింగు తీగ కడతాడు.

తీగకు గురి ఉండదు. పందికైనా, దుప్పికైనా, చిరుతకైనా, పులికైనా ఒకటే దెబ్బ. పశువులు వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడైనా, తెల్లవారకముందే మోటారు వేయడానికి వచ్చిన పక్క చేను రైతైనా దానికి ఒకటే. కొన్నిచోట్ల ఎరలో పెట్టే నాటు బాంబులదీ ఇదే తీరు. ఉచ్చు వేసినవాడు అక్కడ ఉండడు, ఆఖరి క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకునే అవకాశం ఎవరికీ ఉండదు. తుపాకిలో ఆ అవకాశం ఉంది. ట్రిగ్గర్ మీద వేలున్న మనిషి, గురి వెనక ఏముందో చూసి ఆగగలడు. అతనికి శిక్షణా, నమ్మదగిన తూటా ఉంటేనే ఆ తేడాకు విలువ.

చట్టంలో దారి లేకపోలేదు. మనుషులకో, నిలబడి ఉన్న పంటకో ముప్పుగా మారిన అడవి పందిని కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారం వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీశాఖకు ఉంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి షెడ్యూళ్లు మారినా, అడవి పంది విషయంలో ఆ దారి తెరిచే ఉంది. తెలంగాణలో సర్పంచుల ద్వారా, గుర్తింపు పొందిన షూటర్లతో ఈ పని చేయించే ప్రయత్నమూ జరిగింది. అయితే షూటర్ల పేర్ల జాబితా ఉంటే చాలదు. 2016లో బిహార్‌లోని మొకామాలో పంట నష్టం పేరుతో నీల్‌గాయిలను కాల్చడానికి హైదరాబాదు నుంచి వేటగాళ్లను పిలిపించారు. వందల జంతువులు చచ్చాయి, అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ బహిరంగంగా మండిపడ్డారు. చంపడంలో పద్ధతి ఉందని ప్రజలకు నమ్మకం కలగకపోతే, చట్టబద్ధమైన పని కూడా ఊచకోతలాగే కనబడుతుంది.

మన్యానికి ఒక మట్టికట్ట

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. పంట కాపలాకు అనుమతి పొందిన ప్రతి షూటరూ ఏడాదికొకసారి, చేలో వాడబోయే అదే తుపాకితో, అదే పెట్టెలోని తూటాలతో పలక ముందు నిలబడాలి. నిర్ణయించిన దూరంలో, నిర్ణయించిన వృత్తంలో తూటాలు పడితేనే ఆ ఏడాది అనుమతి కొనసాగాలి. 2016 ఆయుధ నియమాలు కొత్త లైసెన్సుకు భద్రతా శిక్షణను తప్పనిసరి చేశాయి. ఆ శిక్షణ కాగితం మీద ముద్రగా మిగలకుండా మన్యంలో నిజంగా జరగాలి. రైఫిల్ తూటా తగలకపోతే కిలోమీటర్లు పోతుంది. వెనక మట్టిదిబ్బో వాలో లేనిచోట దాన్ని పేల్చకూడదన్న నియమాన్ని ప్రతి అనుమతి పత్రం మీదా తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి.

లైసెన్సు ఉన్న పాత దట్టింపు తుపాకులను ఏటా నిపుణులు విప్పి చూడాలి. తుప్పు తిన్న గొట్టాన్ని పక్కన పెట్టించాలి. లైసెన్సు లేని నాటు తుపాకి విషయంలో చట్టం కఠినంగానే ఉంది, 2019 సవరణ తర్వాత అక్రమంగా ఆయుధం తయారుచేస్తే కనీసం 7 ఏళ్ల జైలు. కానీ దాన్ని అప్పగించిన రైతు ఇంటికి ఉత్త చేతులతో వెళ్తే, మరునాడు అతను చూసేది కరెంటు స్తంభం వైపే. తుపాకి తీసుకున్న రోజే అతని చేనుకు సోలార్ కంచె మంజూరు కావాలి. పంట నష్టపరిహారం తర్వాతి విత్తనాల అదనుకు ముందే చేతికందాలి.

పంట దక్కడం రైతు హక్కు. తప్పనిసరై చంపినా, కొనప్రాణంతో పొదల్లో ఈడ్చుకుంటూ పోయే గతి పట్టకుండా ఒక్క దెబ్బతో పోవడం ఆ జంతువుకు మనం బాకీపడిన మర్యాద. చేను పక్కన నడిచే మనిషికి ఆ తూటాతో భయం లేకుండా ఉండాలి. ఈ మూడూ తూటా నింపిన చేతి మీద, దాన్ని ముందుగా పరీక్షించిన పలక మీద ఆధారపడి ఉన్నాయి. భద్రాచలం, కొత్తగూడెం, చింతూరు డివిజన్లలో ఒక్కో మట్టికట్ట, ఒక్కో పలక, ఒక్కో శిక్షకుడు చాలు. తీగకు చిక్కి పోతున్న ప్రాణాల ముందు ఆ ఖర్చు లెక్కలోకి వచ్చేది కాదు. వచ్చే మొక్కజొన్న కంకి పాలుపోసుకునేలోగా అటవీశాఖ, పోలీసు శాఖ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఒకచోట కూర్చుని ఈ పని మొదలుపెట్టాలి.